ఆ చూపుకు ఉన్న పేరు

మగ్గాల షెడ్డులో మనిషి గొంతుకు విలువ లేదు. వరుసలుగా నిలబడిన మరమగ్గాలన్నీ ఒక్కసారి నాడెలు విసరడం మొదలుపెట్టాక, పక్కవాడి చెవిలో నోరు పెట్టి అరిచినా గాలి తగులుతుందే తప్ప మాట తగలదు. అందుచేత అక్కడ పనిచేసేవాళ్ళు గొంతును ఏనాడో వదిలేసి పెదవులతో మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నారు. నోరు బాగా తెరిచి, ప్రతి అక్షరాన్నీ మలిచి, చప్పుడు లేకుండా చెబుతారు. అవతలివాడు కంటితో వింటాడు. ఈ చివర పడుగు తెగిన సంగతి ఆ చివరకు అలాగే చేరుతుంది. ఎవరింట్లో ఎవరికి జ్వరమో, ఎవరి మీద ఎవరికి మనసైందో కూడా ఆ దారినే చేరుతుంది. మాట్లాడేవాడి నోటి వైపు చూడకుండా ముఖం తిప్పుకోవడం అక్కడ పెద్ద అవమానం. నీ మాట నాకక్కర్లేదని మొహం మీద చెప్పడంతో సమానం.

ఈ విద్యలో మేస్త్రిని మించినవాడు లేడు. ఆగిన మగ్గాన్ని నడిపించడం ఆయన ఉద్యోగం. బల్ల కింద దూరి మరలు బిగిస్తూనే, ఏ మూల ఎవరు ఏమన్నా పట్టేసేవాడు. అందుకని ఆయనకు ‘రేడియో’ అని పేరు పెట్టారు. ఆయన్ను తిట్టదలచుకున్నవాళ్ళు నోటికి చేయి అడ్డం పెట్టుకుని తిట్టేవాళ్ళు. పెళ్ళి మాట కూడా ఆయన ఆ షెడ్డులోనే, నాలుగైదు వరుసల అవతల మగ్గం నడుపుతున్న అమ్మాయిని పెదవులతోనే అడిగాడు. ఆయన అడగడాన్నీ, ఆమె ‘ఆలోచించి చెబుతా’ అనడాన్నీ షెడ్డు మొత్తం చదివేసింది. అంతమంది ఎదురుచూస్తుంటే ఇంక ఆలోచించేదేముందని, సాయంత్రానికే ఒప్పుకోవలసి వచ్చిందని ఆవిడ ఇప్పటికీ దెప్పుతూనే ఉంటుంది.

ఆ షెడ్డు మూతపడింది. పాత మగ్గాలను పీకేసి, మనుషులు ఎక్కువ అవసరం లేని కొత్త యంత్రాలను తెచ్చారు. మేస్త్రిని తనిఖీ గదికి మార్చారు. అక్కడ పొడవైన గాజు బల్లలు ఉంటాయి. కింది నుంచి దీపం వెలుగుతుంటుంది. బట్టను ఆ వెలుగు మీద లాగుతూ ఆడవాళ్ళు లోపాలు వెతుకుతారు. తెగిన పోగు, జారిన పేక, నూనె మరక ఏది కనబడినా మేస్త్రిని పిలిచి చెబుతారు. సరిచేయవచ్చో లేదో ఆయన తేల్చి సుద్దతో గుర్తు పెడతాడు. గాజు మీద బట్ట జారే చప్పుడు, కత్తెర చప్పుడు తప్ప ఆ గదిలో మరో సందడి ఉండదు.

తన చెవుల సంగతి ఆయనకు ఆ నిశ్శబ్దంలోనే తెలిసింది. షెడ్డులో ఎవరికీ వినపడదు కాబట్టి ఎవరికి ఎంత వినపడదో తేలే అవకాశం లేదు. ఇక్కడ పక్కపక్కనున్న ఇద్దరు తల దించుకుని మాట్లాడుకుని నవ్వుకుంటే, ఆ నవ్వు మాత్రమే ఆయన దాకా వచ్చేది, అదీ కంటికే. మొదట్లో ఈ గదివాళ్ళకు మాట్లాడటం చేతకాదనుకున్నాడు. తరవాత ఆ అనుకోవడం మానేశాడు.

మిల్లులో ఏటా చెవి పరీక్ష ఉంటుంది. బట్ట మోసే బళ్ళు వెనక నుంచి వస్తాయి గనక, వాటి గంట వినపడనివాణ్ణి యంత్రాల మధ్య ఉంచకూడదని నియమం. షెడ్డులో ఆయనతో కలిసి తిరిగిన పాత స్నేహితుడు ఒకడు ఆ పరీక్షలో తప్పాడు. పూలదండ వేసి ఇంటికి పంపేశారు. మేస్త్రి మాత్రం తప్పలేదు. చెవులకు తొడుగు పెట్టి, శబ్దం వినపడినప్పుడల్లా బొత్తాం నొక్కమంటారు. శబ్దం చేసే ఉద్యోగి వేలు ఎదుటి కిటికీ అద్దంలో కనబడుతుంటుంది. మేస్త్రి ఆ వేలిని చూసి నొక్కేవాడు. మోసం చేస్తున్నాననే భావం ఆయనకు కలగలేదు. కళ్ళతో వినడం ఆయన దృష్టిలో దొంగతనం కాదు, బతుకంతా చేసిన పని.

తనిఖీ గదిలో పాతవాళ్ళంతా షెడ్డు నుంచి వచ్చినవాళ్ళే. ఆయనతో మాట్లాడేటప్పుడు తమకు తెలియకుండానే ముఖమెత్తి, నోరు తెరిచి చెప్పేవాళ్ళు. కొత్తగా చేరిన అమ్మాయి అలా కాదు. ఆమె మగ్గాల షెడ్డును ఎన్నడూ చూడలేదు. మెల్లగా మాట్లాడేది, బట్ట మీది నుంచి తల ఎత్తకుండా మాట్లాడేది. ఆయన వంగేవాడు. ఆమె ఇంకాస్త తల దించుకునేది. ఆయన బల్ల చుట్టూ తిరిగి అటు నుంచి వంగేవాడు. భోజనాల వేళ ఆమె పక్కవాళ్ళతో కబుర్లాడుతుంటే, దూరాన కూర్చున్న ఈయన చూపు పాత అలవాటు కొద్దీ పోయి ఆ పెదవుల మీద ఆగేది. పట్టుబడితే తప్పుకోవాలన్న ఆలోచన ఆ చూపుకు లేదు. దొంగచూపుకు ఉండే బెదురు అందులో లేకపోవడమే ఆ అమ్మాయిని ఎక్కువ భయపెట్టింది.

ఆమె ముక్కుకూ నోటికీ గుడ్డ కట్టుకోవడం మొదలుపెట్టింది. ఎవరైనా అడిగితే దూది నుసి పడడం లేదంది. ఒకరోజు బట్టలో ఏదో లోపం చూపించి చెప్పింది. ఆయనకు ఒక్క ముక్క అందలేదు. మళ్ళీ అడిగాడు. మళ్ళీ చెప్పింది. అప్పుడు ఆయన, మగ్గం మీద మర వదులైతే బిగించమన్నంత మామూలుగా, “ఆ గుడ్డ తీసి మాట్లాడమ్మా, మొహం కనపడాలి” అన్నాడు.

అమ్మాయి గుడ్డ తీయలేదు. కత్తెర బల్ల మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది.

సాయంత్రం సూపర్‌వైజరు కబురు పంపాడు. వయసులో చిన్నవాడు, మేస్త్రి అంటే గౌరవం ఉన్నవాడు. ఆ గౌరవమే ఇప్పుడు గొంతుకు అడ్డం పడి, కిటికీ వైపు తిరిగి మాట్లాడటం మొదలుపెట్టాడు. మేస్త్రి టేబులు చుట్టూ తిరిగి అతని ఎదుటికి వచ్చాడు.

“అలా ప్రదక్షిణం చేస్తావేంటన్నా, కూర్చో.”

“పర్లేదు, చెప్పు.”

“నీ మీద కంప్లైంటు వచ్చింది.”

“ఏ బట్ట?”

“బట్ట మీద కాదు. నీ మీదే.”

“ఏమని?”

సూపర్‌వైజరు నాలుగు వైపులా చూసి, మూలనున్న ఖాళీ అట్టపెట్టె మీద ఇంగ్లీషులో ఒక మాట రాశాడు. మేస్త్రి ఒక్కొక్క అక్షరాన్నే కూడబలుక్కుని చదివాడు. ఓగ్లింగ్.

“అంటే?”

“తెలుగులో అడక్కన్నా. నాకు నోరు రాదు. తప్పుడు చూపు అనుకో.”

“ఎవర్ని?”

“కొత్తమ్మాయిని.”

మేస్త్రి అట్టపెట్టె మీది అక్షరాలను మరోసారి కూడబలుక్కున్నాడు. సూపర్‌వైజరు ఆయన భుజం మీద చేయి వేశాడు. “ఎల్లుండి మీటింగు. ఆఫీసు మేడమ్ కూర్చుంటుంది. నువ్వేం వాదించకు. ‘నా కూతురులాంటిది, నాకలాంటి ఉద్దేశం లేదు, పొరపాటైతే మన్నించండి’ అనేయ్. గోడౌన్‌కి మార్చేస్తాం. అక్కడితో సరి.”

పట్టకారుతో నిప్పును పట్టుకున్నట్టు, సొంత భాషలో ముట్టుకోలేని సంగతులను మనం పరాయి మాటతో పట్టుకుంటాం. మన చేయి కాలదు. కాని నిప్పు ఎవరి ఒళ్ళో పడిందో వాళ్ళకు పట్టకారు ఏ దేశానిదైనా ఒకటే. మేస్త్రికి ఆ క్షణంలో ఇంత ఆలోచన లేదు. అర్థం పూర్తిగా తెలియని మాట తన పేరు పక్కన నిలబడి ఉంది. అది ఏమిటో తెలుసుకోవాలన్న ఒక్క పట్టుదలతో ఇంటికి నడిచాడు.

ఇంట్లో భార్య, ఆమె చెల్లెలు ఎదురెదురుగా కూర్చుని ఉల్లిపాయలు తరుగుతున్నారు. మరదలు బడిలో ఇంగ్లీషు చెబుతుంది. బావను ఆటపట్టించడం ఆమెకు చిన్ననాటి నుంచీ హక్కు.

“ఒక ఇంగ్లీషు మాటకు అర్థం చెబుతావా?” అన్నాడు మేస్త్రి.

“ఇప్పుడా బావా చదువు మీద మనసు పుట్టింది? ముందు ఫీజు కట్టు.”

“ఓగ్లింగ్.”

మరదలి చేతిలో కత్తి ఆగింది. “ఎక్కడ దొరికింది నీకిది?”

“అట్టపెట్టె మీద రాసి ఉంది.”

“ఏం సరుకో గాని, బాగా అమ్ముడుపోతుంది ఆ పేరు పెడితే.” నవ్వి, ఉల్లి ఘాటుకు కళ్ళు తుడుచుకుంది. “చూడటానికి ఇంగ్లీషులో చాలా మాటలున్నాయి బావా. రెప్ప వేయకుండా చూస్తే ఒకటి, నోరెళ్ళబెట్టి చూస్తే ఒకటి. ఇది వాటి జాతి కాదు. మనిషి మీద ఆశపెట్టుకుని, వాళ్ళకిష్టం ఉందో లేదో పట్టకుండా, కళ్ళతో తడుముతున్నట్టు చూడటం.”

“వాళ్ళకిష్టమైతే?”

“ఇష్టమైన చూపుకి ఈ మాట ఎవరు వాడతారు? దీంతో ఇంకో తమాషా ఉంది. పిల్లల్ని వాక్యాలు రాయమంటానా, అందరూ ‘అతను అలా చూశాడు’ అనే రాస్తారు. ‘నేను అలా చూశాను’ అని రాసినవాడు ఇంతవరకు లేడు. ఎవణ్ణడిగినా ఒకటే పాట, నేను మామూలుగానే చూశానని.”

“నేను మామూలుగానే చూశా” అన్నాడు మేస్త్రి.

భార్య పీట జరిపి ఆయనకు ఎదురుగా వచ్చి కూర్చుంది. “జరిగింది చెప్పండి” అంది.

చెప్పాడు. వంగడం, బల్ల చుట్టూ తిరగడం, గుడ్డ తీయమనడం అన్నీ చెప్పాడు. గుడ్డ దగ్గరకు వచ్చేసరికి మరదలు తల పట్టుకుంది.

“నోరు కనపడకపోతే నాకు...” అని ఆగిపోయాడు.

“వినపడదు” అంది భార్య. “ఆ ఒక్క ముక్క అంటే నోరు కాలుతుందా?”

“నీకు తెలుసా?”

“వంటింట్లోంచి పిలిస్తే ఏనాడైనా పలికారా? వెనకాల గిన్నెల దొంతర పడేసినా ఇటు తిరగరు. అందుకే కదా, ఉప్పు తెమ్మని చెప్పాలన్నా మీ ఎదురొచ్చి నిలబడతాను. మీరేమో పెళ్ళానికి మీ మొహం చూడందే పొద్దుపోదనుకుంటున్నారు.”

నిజంగానే ఆయన అలాగే అనుకుంటున్నాడు.

“ఇంకేం, ఎల్లుండి ఈ మాటే చెప్పేయ్” అంది మరదలు.

“చెబితే పూలదండ వేస్తారు.”

“చెప్పకపోతే?”

“గోడౌన్‌కి మారుస్తారు. ఉద్యోగం ఉంటుంది.”

“ఆ పేరుతోనా? చెవులు పోయాయని చెప్పుకోడానికి సిగ్గుపడతావు, ఆడపిల్లని అలా చూశావని అనిపించుకోడానికి సిగ్గు లేదా బావా?”

మేస్త్రి తన చెవి మీద వేలు పెట్టుకున్నాడు. “ఆ చూపు మాట అబద్ధం. ఇది నిజం. అబద్ధమని నాకు తెలుసు కాబట్టి ఎలాగో మోసేస్తాను.”

“మీరు మోస్తారు” అంది భార్య. “ఆ పిల్లకి అబద్ధమని తెలీదుగా. తనకది నిజమే.”

మనిషికి తన మనసు లోపలి నుంచి కనబడుతుంది. ఎదుటివారి మనసు బయటి నుంచి ఊహించుకోవలసిందే. తనలో కల్మషం లేదని తెలిసినవాడు, ఆ తెలివిడి లోకానికంతా ఉన్నట్టే ప్రవర్తిస్తాడు. మేస్త్రి చెడ్డవాడు కాడు. అయితే, చెడ్డవాడు కాకపోవడమే సరిపోతుందని అన్నేళ్ళూ నమ్మినవాడు. భార్య మాట ఆ నమ్మకంలో ఎక్కడో ఒక పోగు తెంపింది. మర్నాడంతా ఆయన పనిలో ఎవరి దగ్గరికీ పోలేదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని గోడ వారగా నిలబడ్డాడు.

మీటింగు గదిలో గుండ్రటి టేబులు. ఆఫీసు మేడమ్, పక్కన సూపర్‌వైజరు, వాళ్ళకు ఎదురుగా, ముఖానికి గుడ్డ లేకుండా, ఆ అమ్మాయి. మేస్త్రి తలుపు దగ్గరి కుర్చీలో కూర్చున్నాడు. మేడమ్ నిదానంగా మాట్లాడే మనిషి, ముఖం దాచుకోదు. జరిగినదంతా చదివి వినిపించి, “మీరేమంటారు?” అని అడిగింది.

సూపర్‌వైజరు కనుబొమలెగరేసి అందించాడు. నేర్చుకున్న మాట మేస్త్రి నోట్లో సిద్ధంగా ఉంది. “ఆ అమ్మాయి నా కూతురులాంటిదండీ...” అని మొదలుపెట్టాడు.

అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుంది. కోపంతో కాదు, విసుగుతో. ఈ మాట వస్తుందని ముందే తెలిసినవాళ్ళు తిప్పుకున్నట్టు. ఒక మనిషి తన మాట నుంచి ముఖం తిప్పుకోవడం మేస్త్రికి చాలా ఏళ్ళుగా ఎదురుకాలేదు. ఆయన ఆగిపోయాడు.

“నాకు చెవులు వినపడవండీ” అన్నాడు.

సూపర్‌వైజరు కుర్చీలో కదిలాడు. “ఏంటన్నా, రేడియో అని పేరు పెట్టుకుని...”

“ఈ రేడియోకి బొమ్మ వస్తే గాని మాట రాదురా. షెడ్డులో నేర్చుకున్న చదువు అది. ఎవరి నోరైనా చూస్తేనే నాకు మాట తెలిసేది. గుడ్డ తీయమన్నది అందుకే.”

మేడమ్ ఒక్క క్షణం ఆలోచించి, అరచేత్తో నోరు కప్పుకుంది. ఆ చేతి వెనక ఏదో అన్నట్టుంది, ఎందుకంటే సూపర్‌వైజరు ఉలిక్కిపడ్డాడు, అమ్మాయి చప్పున మేస్త్రి వైపు తిరిగింది.

“ఏమన్నానో చెప్పండి.”

“మీరు చేయి అడ్డం పెట్టారు. అంతవరకే తెలుసండీ.”

మేడమ్ చేయి తీసి, ఆ మాటే తిరిగి అంది. “ఇది ఒప్పుకుంటే మీరు మేస్త్రిగా ఉండటం కుదరదు, తెలుసా అని అడిగాను.”

“తెలుసండీ. అందుకే ఇన్నాళ్ళూ చెప్పలేదు.”

మేడమ్ అమ్మాయి వైపు చూసింది. అమ్మాయి మేస్త్రి వైపు తిరిగి, ఆయనకు అందేటట్టు ముఖమెత్తి చెప్పింది.

“మీకు వినపడదని నాకెవరు చెప్పారు? రోజూ ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడేదాన్ని. నా నోట్లో ఏముంది, నేనేం తప్పుగా నవ్వుతున్నానా అని చూసుకునేదాన్ని. మాట్లాడటం తగ్గించేశాను. మా అమ్మ, ఏమే మూగదానివైపోయావు అంటుంది. మీరు మొదటిరోజే, అమ్మా నాకు వినపడదు, ఎదురుగా నిలబడి చెప్పు అనుంటే, పొద్దస్తమానం చెప్పేదాన్ని కదా.”

మేస్త్రి ప్రతి అక్షరం చదివాడు. తన సిగ్గును దాచుకోవడానికి ఈ పిల్ల ముఖాన్ని వాడుకున్నాడు. తాను మోయవలసినది ఆమె మోసింది. అబద్ధమైతే మోసేస్తానని గొప్పగా అనుకున్నాడు గాని, ఆ బరువు మొదటి నుంచీ ఆయన నెత్తిన లేనే లేదు.

“నిజమేనమ్మా” అన్నాడు. అంతకు మించి ఏమన్నా అది మళ్ళీ తన గురించే అవుతుందని తోచింది.

“కంప్లైంటు వెనక్కి తీసుకుంటావా?” అని సూపర్‌వైజరు ఆశగా అడిగాడు.

“ఆ మాట తప్పైతే కొట్టేయండి” అంది అమ్మాయి. “జరిగింది మాత్రం కొట్టేయకండి.”

మేడమ్ అలాగే రాసుకుంది. డాక్టరు మళ్ళీ పరీక్ష చేసేదాకా మేస్త్రి బళ్ళు తిరిగే దారిలోకి రాకుండా తనిఖీ గదిలోనే ఉండాలి. ఆ తరవాత మేస్త్రి అనే హోదా ఉండదు. ఖాళీ ఉంటే ఒక బల్ల దగ్గర, అందరితో పాటు కూర్చుని బట్ట చూసే పని ఇస్తారు. ఖాళీ లేకపోతే ఇంటికే. ఎవరితో మాట్లాడాలన్నా ముందు తనకు వినపడదని చెప్పాలి, బల్లకు అవతలి వైపే నిలబడాలి. ఈ చివరి షరతు అమ్మాయి పెట్టింది. మేస్త్రి సంతకం చేశాడు.

మర్నాడు తనిఖీ గదిలో అడుగుపెట్టేసరికి కబురు ఆయనకంటే ముందే చేరిపోయింది. బల్లల దగ్గర కత్తెరలు ఆగాయి. షెడ్డు నాటి నుంచి ఎరిగిన ముఖాలు ఆయన వైపు తిరిగాయి, కాని ఎవరూ ఆయన కళ్ళలోకి చూడలేదు. చెవుల వైపు చూశారు. అక్కడ ఇన్నాళ్ళూ లేనిదేదో కొత్తగా మొలిచినట్టు, లేక ఉన్నదేదో ఊడిపోయినట్టు చూశారు. ఒకావిడ జాలిగా తల పంకించింది. ఇంకొకావిడ, పరీక్షించడానికేమో, ఆయన పక్కకు తిరగగానే చిటిక వేసి చూసింది. ఆ సంగతి ఎదురుగా ఉన్నవాళ్ళ నవ్వులో ఆయనకు కనబడింది. వాళ్ళెవరికీ చెడ్డ ఉద్దేశం లేదు. అది ఆయనకు తెలుసు. తెలిసినా ఒళ్ళు ముడుచుకుపోయింది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒకసారి జేబులో, ఒకసారి వెనక పెట్టుకున్నాడు. తలకు గుడ్డ చుట్టుకుంటే బాగుండుననిపించింది. అలా అనిపించగానే ఆయన దృష్టి, ఎవరూ పిలవకుండానే, ఆ అమ్మాయి బల్ల వైపు వెళ్ళి అర్ధాంతరంగా వెనక్కి వచ్చేసింది.

ఆమె అప్పటికే ఆయన్ను చూస్తోంది. అందరి చూపుల కింద అలా నిలబడటం ఎలాంటిదో ఆ గదిలో ఆమెకు తప్ప మరొకరికి తెలియదు. గాజు మీద కత్తెర పిడితో గట్టిగా తట్టింది. అందరూ అటు తిరిగారు.

“ఏముంది అక్కడ చూడ్డానికి? పని చూసుకోండి” అంది.

ఆ మాట ఆయనకోసం అన్నది కాదు గనక నోటి మీది గుడ్డ తీయలేదు. అయినా ఆమె కళ్ళను బట్టి మేస్త్రికి సంగతి అందింది. ముఖాలన్నీ బట్ట మీదికి వాలాయి, కత్తెరలు కదిలాయి. ఆయన ఆమె బల్లకు అవతలి వైపుగా, మనిషి పట్టేంత దూరం ఉంచి నిలబడ్డాడు.

“నాకు వినపడదమ్మా” అన్నాడు. “కాస్త నీ మొహం చూసి వింటాను, పర్లేదా?”

అమ్మాయి బట్టను ముందుకు లాగి, లోపం ఉన్న చోట వేలు పెట్టి కాసేపు ఆలోచించింది. తరవాత ముఖానికి కట్టుకున్న గుడ్డ తన చేత్తోనే కిందికి దించి చెప్పడం మొదలుపెట్టింది.